దక్షిణం గోడ

మా సొసైటీకి దక్షిణం వైపు గేటు లేకుండా చేసిన పాపం నాదే. దాన్ని ఇంకెవరి మీదికైనా నెట్టేద్దామని చాలా ఏళ్లు చూశాను. కుదరలేదు. ఆ తీర్మానం నా చేతిరాతలోనే ఉంది మరి.

అప్పటికి మేం ఢిల్లీ వచ్చి ఇరవై ఏళ్లు కావస్తోంది. ఆలుమగలం ఇద్దరం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులమే. నేను ఫైళ్ల మీద నోటింగులు రాసే గుమాస్తాని, మా ఆవిడ సచివాలయంలో స్టెనోగ్రాఫరు. ఇద్దరిలో ఉద్యోగం మీద ఇష్టం ఉన్నది ఆవిడకే. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి నా మొహం వేలాడిపోయేది. ఆవిడ మాత్రం మర్నాటి చీర ఇస్త్రీ చేసుకుంటూ కూనిరాగం తీసేది. వాళ్ల ఆఫీసర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పింది చెప్పినట్టు షార్ట్‌హ్యాండులో పట్టేసేదట. ఆ సంగతి ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి తనివి తీరేది కాదు.

పెళ్లికి ముందు నేను కటవారియా సరాయ్‌లో అద్దె గదిలో ఉండేవాణ్ణి. అక్కడి సందుల్లో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి. కానీ ఏ సందులో దూరినా ఎక్కడో ఒకచోట తేలేవాళ్లం. పాల బూత్, బస్‌స్టాపు, బేర్ సరాయ్‌లో మెస్సు భోజనం, అన్నీ నాలుగడుగుల్లో ఉండేవి. ఆ సందుల్ని తిట్టుకోని రోజు లేదు నాకు. ఎప్పటికైనా వెడల్పాటి రోడ్లున్నచోట ఇల్లు కట్టుకోవాలి దేవుడా అనుకునేవాణ్ణి. దేవుడు ఆ ఒక్క మాటా విన్నాడు.

తొంభైల మొదట్లో మా తెలుగు ఉద్యోగులం కొంతమంది కలిసి హౌసింగ్ సొసైటీ పెట్టుకున్నాం. ఢిల్లీ శివార్లలో కొత్తగా వెలుస్తున్న ద్వారకలో స్థలం వచ్చింది. రిటైరైన ఒక పెద్దాయన్ని అధ్యక్షుణ్ణి చేశారు. డ్రాఫ్టింగ్ బాగా వచ్చని నన్ను కార్యదర్శిని చేశారు. నేను పొంగిపోయాను కూడా.

స్థలానికి దక్షిణాన పెద్ద రోడ్డు, ఉత్తరాన చిన్న రోడ్డు. ఆర్కిటెక్టు మామూలు బుర్రతో ఆలోచించి, పెద్ద రోడ్డు మీదికి సరిగ్గా మధ్యలో పెద్ద గేటు గీశాడు. పునాదులు తవ్వుతుండగా మా సభ్యుల్లో ఇద్దరు ఆరు నెలల తేడాలో గుండెపోటుతో పోయారు. అంతే, గుసగుసలు మొదలయ్యాయి. దక్షిణ ద్వారమండీ, అందుకేనండీ అని. అధ్యక్షులవారు విజయవాడ నుంచి ఒక వాస్తు సిద్ధాంతిగారిని రైల్లో పిలిపించారు. ఆయన పంచె ఎగ్గట్టి, చేతిలో దిక్సూచితో కంకర గుట్టల మధ్య తిరిగి తిరిగి గేటు రావలసిన చోట ఆగాడు.

"ఇక్కడా ద్వారం? యముణ్ణి పేరుపెట్టి పిలిచినట్టేనండీ!"

"మరేం చెయ్యమంటారు?" అన్నారు అధ్యక్షులవారు.

"మూసెయ్యండి. ఉత్తర ఈశాన్యంలో పెట్టుకోండి. పిల్లాపాపలతో చల్లగా ఉంటారు."

తరవాతి ఆదివారం మేం అప్పుడుంటున్న గవర్నమెంటు క్వార్టర్ల మధ్య పార్కులో సర్వసభ్య సమావేశం పెట్టాం. చలికాలపు ఎండలో దుప్పట్లు పరుచుకుని, వేయించిన పల్లీలు ఒలుచుకుంటూ కూచున్నారందరూ. మా ఆవిడ ఒక పక్కన కూచుని మా అమ్మాయికి స్వెట్టర్ అల్లుతోంది. గేటు మార్చాలన్న మాట వచ్చాక, అల్లిక ఆపి అడిగింది.

"అయితే బస్సు ఎటుపక్క ఆగుద్దండీ?"

అధ్యక్షులవారు నవ్వారు. "అమ్మాయ్, మనం కాపరాలకి వెళ్లేసరికి బస్సేంటి, రైలే వచ్చుద్ది మన గుమ్మంలోకి!" అన్నారు. అందరూ ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆవిడ మళ్లీ అల్లికలో పడింది.

సభ్యత్వం నా పేరు మీద ఉంది. సభ్యులు కానివాళ్ల మాటలు మినిట్స్‌లో రాయనక్కర్లేదు. కాబట్టి ఆ ప్రశ్న నేను రాయలేదు. తీర్మానం మాత్రం చక్కగా రాశాను. అంతటితో ఊరుకోలేదు. ఈ గొడవ ఎవరూ మళ్లీ మళ్లీ ఎత్తకుండా ఇంకో నిబంధన కూడా చేర్చాను. గేట్ల విషయం తిరగదోడాలంటే సగంమంది సభ్యులు హాజరవాలి, వచ్చినవాళ్లలో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. "శభాష్, పకడ్బందీగా రాశారండీ" అన్నారందరూ. నాకు వాస్తు మీద నమ్మకమేం లేదు. అయినా చెయ్యెత్తాను. మా ఫ్లాటు దక్షిణపు బ్లాకులో మూడో అంతస్తు. కింద గేటు లేకపోతే హారన్ల మోత ఉండదని నా ఆశ. ఈ మాట మా ఆవిడకి ఇప్పటిదాకా చెప్పలేదు.

తొంభైల చివర్లో కాపరం ద్వారకకి మారింది. అబ్బో, రోడ్లంటే రోడ్లు! అటూ ఇటూ చూసుకోకుండా దాటొచ్చు, ఎందుకంటే వచ్చే బండే లేదు. దీపస్తంభాలున్నాయి, దీపాల్లేవు. సెక్టార్ల నంబర్లు ఏ వరసలో వేశారో వేసినవాళ్లకే తెలియాలి. ఏదైనా చోటికి దారి అడిగితే "సీధే జాయియే" అనేవాళ్లు. ఎంత నేరుగా వెళ్లినా ఒక ప్రహరీ గోడ దగ్గర తేలేవాళ్లం. ప్రతి సొసైటీకీ గోడ, గోడ వెనక ఇంకో సొసైటీ, దానికీ గోడ. పక్కింటి వంటింట్లో పోపు వాసన మనకి తెలుస్తుంది, వాళ్లింటికి వెళ్లాలంటే మాత్రం అరగంట నడవాలి.

నాకేం ఇబ్బంది లేదు. నా ఆఫీసు పాలం వైపుకి మారింది, పదింటికి. తొమ్మిది దాటాక మా ఉత్తరపు గేటు ముందే షేర్ జీపు దొరికేది. ఇబ్బందంతా మా ఆవిడకి. సచివాలయానికి వెళ్లే చార్టర్డ్ బస్సు ఒక్కటే. ఏడూ ఇరవైకి తూర్పు నుంచి వచ్చి, పెద్ద రోడ్డు మీద మా గోడ తూర్పు చివర, మా బాల్కనీ కిందే ఆగి వెనక్కి తిరిగేది. ఆ పైన రోడ్డు ఇంకా కంకరే. మా మెట్ల దగ్గర్నుంచి ఆ బస్సుకి ముప్ఫై అడుగులు. మధ్యలో గోడ.

ఆ ముప్ఫై అడుగుల కోసం ఆవిడ ఉత్తరపు గేటు దాటి, వెనక రోడ్డు వెంట నాలుగు సొసైటీల గోడలు దాటి, పడమటి అడ్డరోడ్డు మీదుగా కంకరలో పడి, మళ్లీ అదే నాలుగు సొసైటీల ముందు నుంచి వెనక్కి నడిచి రావాలి. తూర్పున దగ్గరి దారి పడాలి గానీ, అది ఎవరిదో పొలం తగాదాలో ఆగిపోయింది. పక్క సొసైటీకి రెండు వైపులా గేట్లున్నాయి. లోపల్నుంచి పోనివ్వమని ఆవిడ బతిమాలితే, చౌకీదారు "ఔట్‌సైడర్ అలౌడ్ నహీ, మేడమ్" అన్నాడు. వాళ్ల అధ్యక్షుడు సరేనన్నాక కూడా వాడు వదల్లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే కదా. నాకు పాతికేళ్లవాడి కాళ్లున్నా పాతిక నిమిషాలు పట్టే దూరం అది. ఆవిడ మోకాళ్లు అప్పటికే అరిగాయని డాక్టరు చెప్పాడు. నాకు స్కూటరు నడపడం రాదు. రిక్షాలు ఇంకా ఆ దిక్కు చూడలేదు.

ఆవిడ ఏడు కాకముందే బయల్దేరేది. మూడు రోజులు ఆలస్యమైతే ఒక సెలవు కోసేవాళ్లు. వాళ్ల ఆఫీసరమ్మ గడియారం చూసుకుంటూ కూచునే రకం. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. బస్సు వచ్చే వేళకి నేను ఎర్ర తువ్వాలు పట్టుకుని బాల్కనీలో నిలబడేవాణ్ణి. ఆవిడ ఇంకా రాకపోతే తువ్వాలు ఊపి, "సర్దార్‌జీ, ఏక్ మినట్! మేడమ్ ఆ రహీ హై!" అని కేకేసేవాణ్ణి. డ్రైవరు పెద్దమనిషి. ఫర్వాలేదన్నట్టు చెయ్యి బయటపెట్టి "కోయీ బాత్ నహీ, బావూజీ" అనేవాడు. లోపల కూచున్నవాళ్లు గొణిగేవాళ్లు. కాసేపటికి గోడ పక్కన ఆవిడ తల కనిపించేది, ఒక చేత్తో టిఫిన్ డబ్బా, ఒక చేత్తో చీర కుచ్చెళ్లు. బస్సెక్కే ముందు పైకి చూసేది. మొదట్లో నవ్వేది. తరవాత్తరవాత ఊరికే చూసేది.

"పాపా, దీవార్ తోడ్ దో నా," అనేది మా అమ్మాయి బూట్లు వేసుకుంటూ. దానికి తెలుగు అర్థమవుద్ది, జవాబు మాత్రం హిందీలోనే.

"గోడ పగలగొట్టమంటే ఎట్లా తల్లీ, రూల్సుంటాయి," అనేవాణ్ణి నేను.

ఇంకొక్క వెధవపని కూడా చెప్పాలి. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు పెద్ద రోడ్డు వెంట నడిచొచ్చి, అంతదూరం చుట్టూ తిరగలేక గోడ పక్కన ఇటుకలు పేర్చి ఎక్కి దూకేవాళ్లు. ఫిర్యాదులొచ్చాయి. కార్యదర్శిగా నేను దగ్గరుండి గోడ మీద గాజు పెంకులు గుచ్చించాను. ఆ సాయంత్రం మా ఆవిడ వాటికేసి చాలాసేపు చూసి, "బాగా గుచ్చించారండీ. ఇంక నాకు ఆ ఆశ కూడా లేకుండా పోయింది," అంది. వేళాకోళమనుకున్నాను. ఎప్పుడైనా ఆ ఇటుకలెక్కుదామని ఆవిడ నిజంగానే అనుకుందని తరవాత తెలిసింది.

ఆ ఏడు జులైలో ఒక రోజు తెల్లవారుజాము నుంచీ ఒకటే వాన. వద్దన్నాను. ఆఫీసరమ్మకి ముఖ్యమైన మీటింగుందని గొడుగు పట్టుకుని వెళ్లింది. బస్సొచ్చింది. నేను తువ్వాలు ఊపాను. సర్దార్‌జీ ఆపాడు. రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు. లోపల్నుంచి జనం అరుస్తున్నారు. "మేడమ్ ఆ గయీ, ఆ గయీ!" అని ఆవిడ వచ్చేసినట్టు అబద్ధాలాడుతూ నేను తువ్వాలు ఊపుతూనే ఉన్నాను. చివరికి ఆయన దణ్ణం పెట్టి బండి తీశాడు. నాకు మండుకొచ్చింది, బస్సు మీద కాదు, ఆవిడ మీద. కాస్త ముందు బయల్దేరితే ఏం పోయింది అనుకున్నాను. నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేనిది ఆ ఒక్క అనుకోవడానికే.

నేనలా తువ్వాలు ఊపుతున్నంతసేపూ ఆవిడ పడమటి అడ్డరోడ్డులో మూతలేని కాలవలో నడుందాకా ఉంది. నీళ్లు నిండి ఏది రోడ్డో ఏది కాలవో తెలియలేదట. పనికి వెళుతున్న కూలీ ఆడవాళ్లిద్దరు పైకి లాగి, చెరో పక్కా పట్టుకుని ఎనిమిదింటికి ఇంటికి తీసుకొచ్చారు. తడిసి ముద్దయిపోయి, మోకాలు గుమ్మడికాయంత వాచి ఉంది. గుమ్మంలో నన్ను చూసి అడిగిన మొదటి మాట, "బస్సెళ్లిపోయిందా?"

రెండు నెలలు మంచం దిగలేదు. ఆ తరవాత చేతికర్రతో మళ్లీ మొదలుపెట్టింది. ఆరింపావుకే బయల్దేరేది. వారంలో రెండుసార్లు బస్సు దాటిపోయేది. ఆ చలికాలంలో పర్సనల్ అసిస్టెంటుగా ప్రమోషన్ రావలసి ఉంది. వరసలో ఆవిడే ముందు. వేళకి రాదన్న మాట పడింది, వెనకున్నావిడకి ఇచ్చారు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చింది. పెళ్లయ్యాక ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు.

"నా వేలు ఆగిందా, నా చెవి మందగించిందా? ఒక గోడ అడ్డమొచ్చి నా ప్రమోషన్ పోవడమేంటండీ?" అంది.

మర్నాడు స్వచ్ఛంద పదవీ విరమణకి కాగితం పెట్టింది. ఇరవై ఏళ్ల సర్వీసు నిండింది కాబట్టి వీలుంది. గడువు మూడు నెలలు. ఆ లోపల ఎప్పుడైనా కాగితం వెనక్కి తీసుకోవచ్చు. "గేటొస్తే తీసుకుంటాను. మీరే కదా కార్యదర్శి," అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. ప్రతి సాయంత్రం ఇంటింటికీ తిరిగాను. చిన్న గేటు చాలు, మనిషి పట్టేంత. టీలు ఇచ్చారు, మోకాలికి నూనెలు చెప్పారు. "మీ మాట కాదనలేం గానీ, దక్షిణం తెరిచాక మా ఇంట్లో ఏదన్నా అయితే పూచీ మీదేనా?" అన్నారు. అధ్యక్షులవారు పైపెచ్చు, "మీరే కదండీ అంత పకడ్బందీగా రాశారు. ఇప్పుడు మీరే తవ్వుతానంటే ఎట్లా?" అన్నారు.

మొదటి సమావేశానికి సగంమంది రాలేదు. ఆ రోజు టీవీలో క్రికెట్టు. సభ్యులు చాలకపోతే పధ్నాలుగు రోజులు వాయిదా వెయ్యాలి, అదీ నేను రాసిందే. రెండోసారి ముగ్గురు తక్కువయ్యారు. మళ్లీ పధ్నాలుగు రోజులు. ఆవిడ రోజూ ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ "ఏమన్నారు?" అని అడిగేది. నేను "వచ్చే ఆదివారం" అనేవాణ్ణి. మూడో సమావేశం పడిన ఆదివారానికి రెండు రోజుల ముందు, శుక్రవారంతో ఆవిడ గడువు ఆఖరు.

ఇంక ఏ దారీ తోచక విజయవాడ సిద్ధాంతిగారికి ఉత్తరం రాశాను. స్థలం పటం గీసి, బస్సాగే మూల మీద గుర్తు పెట్టి, ఏదైనా శాంతి ఉంటే చెప్పమని వేడుకున్నాను. గడువు వారంలోనే, బుధవారం నాడు జవాబొచ్చింది. ఇన్‌లాండ్ కవరులో నాలుగే ముక్కలు రాశాడాయన. మీరు గుర్తుపెట్టిన చోటు దక్షిణ ఆగ్నేయం. అక్కడ ద్వారం శుభప్రదం. నేను మూయించినది మధ్యలో ఉన్నదాన్ని మాత్రమే. అప్పుడే అడిగి ఉంటే అప్పుడే చెప్పేవాణ్ణి.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అన్నేళ్లు అంతమందిమి, పెద్ద పెద్ద ఫైళ్లు నడిపేవాళ్లం, గోడ కట్టాం గానీ ఇంకో మూల పనికొస్తుందా అని ఒక్కళ్లమూ అడగలేదు. ఉత్తరం పట్టుకుని అధ్యక్షులవారింటికి పరిగెత్తాను. చదివి కళ్లకద్దుకున్నారు. "ఇంకేం మరి, ఆదివారం ఒక్క నిమిషంలో అయిపోద్ది," అన్నారు.

"ఆదివారం దాకా ఎందుకండీ? రేపే తాపీమేస్త్రిని పిలుద్దాం."

"తీర్మానం లేకుండా గోడ మీద చెయ్యెట్లా వేస్తామండీ? అది మీ రూలే కదా."

ఇంటికొచ్చి మా ఆవిడకి ఉత్తరం చూపించాను. కాగితం వెనక్కి తీసుకోమన్నాను. "ఆదివారం ఖాయం. నా మాట నమ్ము," అన్నాను.

ఆవిడ ఉత్తరం పూర్తిగా చదివి మడతపెట్టింది. గొంతులో కోపం కూడా లేదు. "అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదండీ. ఇదివరకు ఎన్ని ఆదివారాలు చెప్పారు మీరు? మీ మాట నమ్మి కాగితం తీసుకుని, మళ్లీ గోడే మిగిలితే, ఆ ఆఫీసరమ్మ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను? నేను అలిసిపోయానండీ," అంది.

శుక్రవారం సాయంత్రం పూలదండతో, ఒక గోడ గడియారంతో ఇంటికొచ్చింది. ఆదివారం సమావేశం పది నిమిషాల్లో ముగిసింది. అందరూ చెయ్యెత్తారు. శుభప్రదమని తెలిశాక ఎవరికి అభ్యంతరం? మినిట్స్ రాసేటప్పుడు మొదటి వాక్యంగా ఆ పాత ప్రశ్న రాశాను, అయితే బస్సు ఎటుపక్క ఆగుతుంది అని. అధ్యక్షులవారు చదివి, ఇది ఎవరడిగారండీ అన్నారు. చెప్పాను. ఆయన తలవంచుకుని సంతకం పెట్టారు.

పదిరోజుల్లో మూల గోడ పగలగొట్టి చిన్న ఇనప గేటు పెట్టారు. తెరిచింది ఒక సోమవారం. ఆ పొద్దున నేను స్నానం చేసి, అలవాటుగా అదే ఎర్ర తువ్వాలు బాల్కనీ తీగ మీద ఆరేస్తున్నాను. కింద మా సొసైటీ వాళ్లు ఐదారుగురు కొత్త గేటులోంచి టకటకా వెళ్లి బస్సెక్కారు. అందరూ ఎక్కినా బస్సు కదల్లేదు. సర్దార్‌జీ తువ్వాలు చూసినట్టున్నాడు. ఇంజను ఆపేసి, చెయ్యి బయటపెట్టి, ఎప్పటిలాగే పైకి అరిచాడు, ఆవిణ్ణి రానివ్వమని.

"కోయీ బాత్ నహీ, బావూజీ! మేడమ్‌జీ కో ఆనే దో!"

ఆవిడ రాదని చెప్పాలి. తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఏవండీ, పాపం ఆయన ఆగాడు. పొమ్మని చెప్పండి," అంది మా ఆవిడ వంటింట్లోంచి. నేను కదలకపోయేసరికి కుంటుకుంటూ తనే బాల్కనీలోకి వచ్చింది. కిందికి చూసి, కొత్త గేటుకేసి చూసి, డ్రైవరుకి రెండు చేతులెత్తి నమస్కారం పెట్టింది. తరవాత నా చేతిలోంచి తువ్వాలు తీసుకుని, తడిదాన్ని తడిగానే మడతపెట్టి లోపలికి పట్టుకెళ్లింది.

బస్సు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.